బ్రేక్ రాయిలా ఎందుకు మారింది? ఒక వాక్యూమ్ పంపు వెనక ఉన్న పాత కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక ఘాట్ రోడ్డు మీద మొదలవుతుంది. మధ్యలో 1889లో ఐర్లండ్‌కి వెళ్తుంది. మళ్లీ తిరిగి మార్కాపురంలో ఒక మెకానిక్ షెడ్డు దగ్గరికి వస్తుంది. కాస్త ఓపిగ్గా వినండి, అన్నీ ఒకే పైపుకి తగులుకుని ఉన్న కథలే.

పోయిన కార్తీక మాసంలో శ్రీశైలం నుంచి దిగుతున్నాం. శిఖరం దాటేశాం, చుట్టూ నల్లమల, ఫోన్‌లో సిగ్నల్ లేదు. బండి నడిపేది మా బాబాయ్, పక్కన నేను, వెనక నానమ్మ, అమ్మ, పిన్ని, ఇద్దరు పిల్లలు. బండి 2003 మోడల్, ఏడు సీట్ల డీజిల్ బండి. కంపెనీ పేరు చెప్పను. ఎందుకంటే తప్పు కంపెనీది కాదు, మాది. ఎలాగో తర్వాత చెప్తా.

ఒక మలుపు ముందు బాబాయ్ ఉన్నట్టుండి సీట్లోంచి సగం పైకి లేచి, రెండు కాళ్లూ బ్రేక్ మీద పెట్టి తొక్కాడు. బండి ఆగింది. కాకపోతే ఆగాల్సిన చోట కాదు, ఇంకో పది పన్నెండు అడుగులు అవతల.

"ఏమైంది బాబాయ్?" అన్నా.

"బ్రేకు రాయి అయిపోయిందిరా. తొక్కుతుంటే లోపలికి పోవట్లా."

నానమ్మకి వినపడకుండా చెప్పాడు ఆ మాట. అక్కడి నుంచి దోర్నాల దాకా రెండో గేర్ దాటలేదు. ఇంజన్ అరుస్తూనే ఉంది, చేయి హ్యాండ్‌బ్రేక్ మీదే ఉంది. వెనక బస్సులు హారన్లు కొడుతున్నాయి, కొట్టుకోనీ అన్నాడు. పిల్లలు మాత్రం పాటలు పాడుకుంటూనే ఉన్నారు.

దోర్నాలలో టీ తాగుతూ నేను నా ఇంజనీరింగ్ బుర్ర వాడా. ప్యాడ్లు అరిగిపోయాయి, లేదా బ్రేక్ ఆయిల్ తగ్గింది అన్నా. నేను చదివింది బీటెక్కే గానీ కంప్యూటర్ సైన్స్. బాబాయ్ ఆ విషయం గుర్తు చేశాడు. బ్రేక్ ఆయిల్ తగ్గితే పెడల్ మెత్తబడి కిందికి జారిపోతుంది. ఇది గట్టిపడింది. రెండూ రెండు వేరే జబ్బులు.

మర్నాడు మార్కాపురంలో షెడ్డుకి తీసుకెళ్లాం. మేస్త్రీ చక్రాల వైపు చూడనే లేదు. బానెట్ ఎత్తాడు, డైనమో అడుగున వేలు పెట్టి తీశాడు. వేలు నల్లగా వచ్చింది. "డైనమోకి ఇంజన్ ఆయిల్‌తో పనేంటి అబ్బాయ్?" అన్నాడు. ఆల్టర్నేటర్ అని పుస్తకాల్లో రాసేదాన్ని షెడ్లలో ఇప్పటికీ డైనమో అనే అంటారు, నేనూ అలాగే అంటా. ఆ డైనమో వెనక భాగానికి అరచేతిలో పట్టే ఒక చిన్న డబ్బా బిగించి ఉంది. అదే వాక్యూమ్ పంపు. మా రాయి బ్రేకుకి కారణం అదే.

ఇంటికొచ్చి తాతయ్యకి చెప్పా. తాతయ్య మీటర్ గేజ్ రోజుల్లో రైల్వేలో ఖలాసీగా చేసి రిటైరయ్యాడు. గుంటూరు గుంతకల్లు లైన్లో ఆయన పనే బోగీకి బోగీకి మధ్య గొట్టాలు కలపడం, లీకులు పట్టుకోవడం. అంతా విని ఒక మాటన్నాడు. "మా రైల్లో వాక్యూమ్ లీకైతే బండి ఆగిపోద్ది. మీ కార్లో వాక్యూమ్ లీకైతే బండి ఆగదు. ఇదెక్కడి లెక్కరా?"

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అదే వాక్యూమ్, అదే రబ్బరు గొట్టం, అదే లీకు. ఒక చోట ప్రాణం కాపాడుతుంది, ఇంకో చోట ప్రాణం మీదికి తెస్తుంది. ఎందుకు?

ముందు ఒక చిన్న సంగతి. వాక్యూమ్ దేన్నీ లాగదు. నెట్టేది మన చుట్టూ ఉన్న గాలి. ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువుతో గాలి నొక్కుతూ ఉంటుంది. అన్ని వైపులా ఒకేలా నొక్కుతుంది కాబట్టి మనకి తెలీదు. ఒక వైపు గాలి తీసేస్తే రెండో వైపు గాలి తన బలం చూపిస్తుంది. దీన్ని జనానికి కళ్లకు కట్టినవాడు జర్మనీలోని మాగ్డెబర్గ్ ఊరి మేయర్, ఒట్టో ఫాన్ గెరికే. 1657లో రెండు రాగి అర్ధగోళాలు ఒకదానికొకటి ఆనించి, లోపలి గాలి తోడేసి, అటు ఎనిమిది ఇటు ఎనిమిది గుర్రాలు కట్టి లాగించాడు. మీరు స్కూల్ పుస్తకంలో బొమ్మ చూసే ఉంటారు.

పుస్తకంలో లేని ముక్క నాకు ఇంకా ఇష్టం. దానికి ముందు ఆయన మొదటి ప్రయత్నం ఒక చెక్క పీపాతో. పీపా నిండా నీళ్లు పోసి, ఆ నీళ్లని పంపుతో తోడేస్తే లోపల ఖాళీ మిగులుతుంది కదా అనుకున్నాడు. నీళ్లు తగ్గే కొద్దీ చెక్క సందుల్లోంచి గాలి చప్పుడు చేసుకుంటూ లోపలికి దూరింది. అంటే వాక్యూమ్ పంపు చరిత్ర మొదలయ్యిందే లీకుతో. మా బండికి వచ్చిన జబ్బు ఆయనకి మూడున్నర శతాబ్దాల ముందే వచ్చింది.

ఇక రైళ్ల దగ్గరికి వద్దాం. తాతయ్య ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది.

1889 జూన్ 12. ఐర్లండ్‌లో ఆర్మా అనే ఊరు. సండే స్కూల్ పిల్లలు, వాళ్ల టీచర్లు, అమ్మానాన్నలు కలిపి దాదాపు 940 మంది సముద్రం ఒడ్డుకి పిక్నిక్ బయల్దేరారు. 15 బోగీలు. టికెట్ లేనివాళ్లు ఎక్కకుండా తలుపులకి తాళాలు వేశారు. ఊరు దాటగానే గట్టి ఎత్తు. ఇంజన్ ఈడ్చుకుంటూ వెళ్లి, ఎత్తు ఇంకాస్తలో అయిపోతుందనగా ఆగిపోయింది.

అప్పుడు ఒక నిర్ణయం తీసుకున్నారు. రైలుని రెండు ముక్కలు చేద్దాం, ముందున్న 5 బోగీలు లాక్కెళ్లి తర్వాతి స్టేషన్లో వదిలి, మళ్లీ వచ్చి మిగతా 10 తీసుకెళ్దాం అని. ఇక్కడే ఆ రైలు బ్రేకు గురించి తెలియాలి. ఆ రైలుకి ఉన్నది మామూలు వాక్యూమ్ బ్రేకు. అంటే డ్రైవర్ బ్రేకు వేయాలనుకున్నప్పుడు ఇంజన్ నుంచి గొట్టంలో వాక్యూమ్ పుట్టిస్తే బ్రేకు పడుతుంది. వాక్యూమ్ లేకపోతే బ్రేకు లేదు. 5వ బోగీకి 6వ బోగీకి మధ్య గొట్టం విడదీసిన క్షణం నుంచి వెనక 10 బోగీలకి ఆ బ్రేకు లేనట్టే. మిగిలింది చివరి బోగీలో చేత్తో తిప్పే బ్రేకు ఒక్కటి, చక్రాల కింద పెట్టిన నాలుగు రాళ్లు.

ముందు ముక్క కదలబోతూ కాస్త వెనక్కి జారింది. ఆ తాకిడికి వెనక బోగీలు కదిలాయి, రాళ్లు నుగ్గయ్యాయి. 10 బోగీలు పల్లంలోకి, వచ్చిన దారినే, తాళాలు వేసిన తలుపులతో. కింద నుంచి అదే పట్టా మీద ఇంకో రైలు వస్తోంది. 80 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది పిల్లలు.

ఈ భాగం చదువుతున్నప్పుడు నాకు మా బండి వెనక సీట్లో పాటలు పాడిన ఇద్దరూ గుర్తొచ్చారు. అంతకంటే ఏం చెప్పను.

అదే ఏడాది ఆగస్టు చివరికల్లా బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. ప్రయాణికుల రైళ్లలో బ్రేకు రైలు మొత్తానికి పనిచేయాలి, పైగా ఆటోమేటిక్‌గా ఉండాలి అని. ఆటోమేటిక్ అంటే ఇక్కడ అర్థం ఏంటంటే, రైలు విడిపోయినా గొట్టం తెగినా బ్రేకు తనంతట తనే పడాలి. అలాంటి బ్రేకు అప్పటికే ఉంది, కొత్తగా కనిపెట్టాల్సిన పనేం లేదు. అమెరికాలో వెస్టింగ్‌హౌస్ 1872లోనే గాలి ఒత్తిడితో అలాంటిది చేశాడు. వాక్యూమ్‌లోనూ ఆ రకం వచ్చేసింది. ఖర్చని, ఇప్పుడు తొందరేంటని కంపెనీలు ఆగాయి. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఆటోమేటిక్ వాక్యూమ్ బ్రేకులో చేసిందల్లా లెక్కని తలకిందులు చేయడం. వాక్యూమ్‌తో బ్రేకు వేయడం కాదు, వాక్యూమ్‌తో బ్రేకుని వదిలి ఉంచడం. రైలు నడిచినంత సేపూ గొట్టంలో వాక్యూమ్ ఉండాలి. ఎక్కడ గాలి దూరినా బ్రేకులు పడతాయి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఒక ముక్కలో చెప్తా, ఇది హార్ట్‌బీట్ సిగ్నల్ లాంటిది. సిగ్నల్ వస్తే అంతా బాగున్నట్టు. రాకపోతే ఏదో అయిందని సిస్టమ్ తనే ఆగిపోతుంది. చెడు వార్త ఎవరూ పంపక్కర్లేదు, మంచి వార్త ఆగిపోతే చాలు.

మన దేశంలో రైళ్లు చాలా దశాబ్దాలు ఈ బ్రేకు మీదే నడిచాయి. 1980ల నుంచి మెల్లమెల్లగా గాలి ఒత్తిడి బ్రేకులకి మారాయి. పాత రైళ్లలో చైన్ లాగితే జరిగింది ఇదే. ఆ చైన్ ఒక చిన్న వాల్వ్ తెరిచేది, గొట్టంలోకి గాలి దూరేది, రైలు ఆగేది. అంటే చైన్ లాగడం అంటే కావాలని ఒక లీకు పెట్టడం! తాతయ్య చేసిన పని దానికి ఎదురు. అనుకోకుండా పడిన లీకుల్ని పట్టుకోవడం. చెవి ఆనించి, తడి చేయి గొట్టం చుట్టూ తిప్పి, ఎక్కడ చల్లగా లాగుతోందో చూసేవాడట. "లీకుంటే బండి కదలదు, డ్రైవరు తిడతాడు. అంతేగానీ ఎవడూ చావడు" అంటాడు.

మరి కార్లలో ఎందుకు ఇలా అయింది?

1920ల్లో కార్లకి వేగం పెరిగింది, బరువు పెరిగింది, మనిషి కాలు మాత్రం అదే కాలు. బెల్జియం ఇంజనీరు ఆల్బర్ట్ డెవాండ్ర్ పెట్రోల్ ఇంజన్‌లో ఊరికే దొరికే ఒక వస్తువు వాడుకున్నాడు. పెట్రోల్ ఇంజన్ గాలి పీల్చే దారిలో థ్రాటిల్ అనే తలుపు ఉంటుంది. మనం యాక్సిలరేటర్ వదిలితే అది మూసుకుంటుంది, ఇంజన్ మాత్రం పీలుస్తూనే ఉంటుంది. దాంతో ఆ తలుపు వెనక వాక్యూమ్ పుడుతుంది. బ్రేకు వేసేటప్పుడు ఎలాగూ యాక్సిలరేటర్ వదిలేస్తాం కదా, అంటే కావాల్సినప్పుడే వాక్యూమ్ రెడీ. అలాంటి సర్వో బ్రేకుని 1927లో బాష్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. అమెరికాలో బ్రాగ్, క్లీస్‌రాత్ అనే ఇద్దరి బూస్టర్ 1928లో పియర్స్ ఆరో కార్లలో వచ్చింది.

బ్రేక్ బూస్టర్ అంటే బానెట్ కింద డ్రైవర్ ముందు కనిపించే నల్లటి గుండ్రటి డబ్బా. లోపల ఒక రబ్బరు తెర. మీరు కాలు పెట్టగానే తెరకి ఒక పక్క గాలి వస్తుంది, రెండో పక్క వాక్యూమ్ ఉంటుంది. 23 సెంటీమీటర్ల తెర అనుకుని, వాక్యూమ్ మూడింట రెండొంతులే ఉందని లెక్క వేశా. గాలి నెట్టే బలం దాదాపు 280 కిలోలు వచ్చింది. మీ కాలితో పాటు ముగ్గురు నలుగురు మనుషుల బరువు తొక్కుతున్నట్టు.

గమనించారా, ఇక్కడ వాక్యూమ్ ఉంటేనే సాయం. లేకపోతే లేదు. ఆర్మా రైలు లెక్కే మళ్లీ వచ్చింది. ఒకటే తేడా, న్యాయంగా చెప్పాలి కాబట్టి చెప్తున్నా. కార్లో బూస్టర్ పోయినా బ్రేకు పోదు. పెడల్ నుంచి లోపలికి ఒక రాడ్డు నేరుగా వెళ్తుంది, గట్టిగా తొక్కితే పడుతుంది. ఇంజనీర్లు అదే నమ్ముకున్నారు, మనిషి కాలే బ్యాకప్ అని. రోడ్డు మీద కారు చిన్న లీకుకే దానంతటది టక్కున ఆగిపోతే వెనక లారీ వచ్చి గుద్దుతుంది, అదీ నిజమే. నేను ఒప్పుకోనిది ఒక్కటే. రైల్లో డ్రైవర్‌కీ గార్డుకీ వాక్యూమ్ ఎంత ఉందో చూపించే గేజ్ ఇచ్చారు. చాలా కార్లలో డ్రైవర్‌కి ఏమీ ఇవ్వలేదు. కొన్ని డీజిల్ బళ్లలో వార్నింగ్ లైటు పెట్టారు, మా బండిలో లేదు. మీ కాలే గేజ్. అది చెప్పేసరికి మీరు మలుపులో ఉంటారు.

ఇప్పుడు డీజిల్. 1936లో మెర్సిడెస్ 260డి వచ్చింది, సిరీస్‌లో తయారైన తొలి డీజిల్ కార్లలో ఒకటి. డీజిల్ ఇంజన్‌కి మామూలుగా ఆ థ్రాటిల్ తలుపు అక్కర్లేదు. గాలి ఎప్పుడూ నిండుగా పీలుస్తుంది, వేగం మార్చేది డీజిల్ మోతాదు. తలుపు లేదు, అంటే ఊరికే దొరికే వాక్యూమ్ కూడా లేదు. అందుకే విడిగా ఒక పంపు పెట్టాల్సి వచ్చింది. పెట్రోల్ కారు వాళ్లకి ఈ జబ్బు పేరే తెలియకపోవడానికి కారణం అదే.

మెర్సిడెస్ వాళ్లు ఈ వాక్యూమ్‌ని ఎంత ఇష్టపడ్డారంటే, 1976లో వచ్చిన డబ్ల్యూ123 డీజిల్ కార్లలో ఇంజన్ ఆపడానికి కూడా అదే వాడారు. తాళం తిప్పితే వాక్యూమ్ వెళ్లి డీజిల్ ఆపాలి. లీకైతే తాళం చేతిలోకి వస్తుంది, ఇంజన్ మాత్రం డుగుడుగుమంటూనే ఉంటుంది! అదే కార్లలో పంపు లోపలి బేరింగ్ పగిలి, ముక్కలు టైమింగ్ చైన్‌లో పడి మొత్తం ఇంజన్ పోయిన కేసులు ఆ బళ్ల అభిమానులందరికీ తెలుసు. ఆ కాలపు ఓఎం 616 ఇంజన్ కుటుంబమే మన దగ్గర ట్రాక్స్ బళ్లలోకి వచ్చింది. పెళ్లికి పాతికమందిని ఎక్కించుకెళ్లే ట్రాక్స్‌కీ జర్మన్ టాక్సీకీ ఇంజన్ చుట్టరికం ఉందన్నమాట.

సరే, షెడ్డుకి వెళ్దాం. మేస్త్రీ పంపు విప్పాడు. డైనమో షాఫ్టే వెనక్కి పొడుచుకొచ్చి పంపుని తిప్పుతుంది. లోపల ఒక రోటర్, దాని గాడుల్లో జారే చిన్న బ్లేడ్లు. తిరిగేటప్పుడు బ్లేడ్లు బయటికి జరిగి గోడకి రాసుకుంటూ గాలిని ఊడ్చేస్తాయి. ఇలాంటి పంపు బొమ్మ, నీళ్లు తోడేందుకు, 1588లో రమెల్లి అనే ఇటలీ ఇంజనీరు పుస్తకంలోనే ఉంది. ఆ బ్లేడ్లు అరిగిపోకుండా, సందు లేకుండా ఉండాలంటే ఆయిల్ కావాలి. అది ఒక సన్న పైపులో ఇంజన్ నుంచి వస్తుంది, ఒక లావు గొట్టంలోంచి కిందికి జారి తిరిగి ఇంజన్‌లోకి పోతుంది. పంపుకీ డైనమోకీ మధ్య ఒక ఆయిల్ సీల్.

ఇప్పుడు మా తప్పు. నాలుగు నెలల ముందు బ్యాటరీ లైటు వెలిగింది. వేరే చోట డైనమో బ్రష్‌లు మార్చారు. ఆయిల్‌లో నానిపోయిన బ్రష్‌లు అవి, ఆయిల్ ఎక్కడిదని ఎవరూ అడగలా. తర్వాత ఇంజన్ ఆయిల్ తగ్గడం మొదలైంది, పోస్తూ పోయాం. ఒకాయన పంపు చుట్టూ సీలెంట్ పేస్టు దట్టంగా పూసి "ఇక లీకు రాదు" అన్నాడు. మేమూ సంతోషించాం, తక్కువలో అయిపోయిందని. ఆ పేస్టు ముక్క లోపలికి ఊడి ఆయిల్ తిరిగి వెళ్లే దారిలో అడ్డం పడింది. ఆయిల్ దిగే దారి లేక సీల్ మీద ఒత్తిడి పెట్టింది, సీల్ ఇంకా పాడైంది. బ్లేడ్ల అంచులు అరిగాయి. పంపు తిరుగుతోంది గానీ పీల్చట్లేదు. మూడు హెచ్చరికలు వచ్చాయి మాకు, మూడింటినీ మూడు వేరే రిపేర్లు అనుకున్నాం.

రిపేరా, కొత్తదా? మేస్త్రీ లెక్క సింపుల్‌గా ఉంది. పంపు లోపలి గోడ మీద గోరు పెట్టి గీశాడు. గోరుకి గీతలు తగలకపోతే సీల్, ఓరింగ్, బ్లేడ్లు మారిస్తే చాలు. తగిలితే కొత్త పంపు, ఎందుకంటే గీతలు పడ్డ గోడ కొత్త బ్లేడ్లని కూడా తినేస్తుంది. మాది తగిలింది. కొత్తది వేశాం. బిగించే ముందు పంపులో కొంచెం ఆయిల్ పోసి చేత్తో తిప్పాడు, మొదటి క్షణాల్లో పొడిగా తిరగకుండా. రెండు ఆయిల్ పైపులూ గాలి ఊది శుభ్రం చేశాడు, ఇది చేయకుండా కొత్త పంపు వేస్తే నాలుగు నెలల్లో మళ్లీ వస్తారన్నాడు. బూస్టర్‌కి వెళ్లే గొట్టంలో ఒకవైపే గాలి పోనిచ్చే వాల్వ్ ఉంటుంది, దాన్ని నోటితో ఊది పీల్చి చూశాడు. గొట్టం రెండు చివర్లూ గట్టిపడి పగుళ్లిచ్చాయి, కోసి పారేసి కొత్తది పెట్టాడు.

మీ ఇంట్లో పాత డీజిల్ బండి ఉంటే ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటి ఉంది. చదునైన చోట, న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఇంజన్ ఆపండి. బ్రేక్ నాలుగైదు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. కాలు అలాగే నొక్కి పెట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే వాక్యూమ్ అందట్లేదు. దిగి, ఇంజన్ ఆపాక కాసేపటికే మొదటి తొక్కుడే గట్టిగా ఉంటే వాల్వో గొట్టమో బూస్టర్ తెరో లీకు. ఘాట్‌లో ఉన్నట్టుండి గట్టిపడితే మాత్రం బ్రేకు పోయిందని కాలు తీసేయకండి. పోలేదు. బాబాయ్ చేసినట్టే రెండు కాళ్లతో తొక్కి, గేర్ దించండి. ఇంజన్ అస్సలు ఆపొద్దు. వీలు దొరికిన మొదటి చోట బండి పక్కకి పెట్టండి.

చివరిగా ఒకటి. నేను ఊరుకోలేక ఒక వాక్యూమ్ గేజ్ కొన్నా. బూస్టర్ గొట్టంలో ఒక టీ జాయింట్ వేసి డ్యాష్‌బోర్డు మీద పెట్టించా. మేస్త్రీ తిట్టాడు, "ఇప్పుడు లీకవడానికి ఇంకో జాయింటు పెట్టావు" అని. ఆయన మాటలో న్యాయం ఉంది, వారం వారం ఆ జాయింట్ చూసుకుంటున్నా.

సంక్రాంతికి తాతయ్యని ఎక్కించుకుని మార్కాపురం రోడ్ స్టేషన్ దాకా వెళ్దామని బయల్దేరాం. బాబాయ్ స్టార్ట్ చేసి గేర్ వేయబోయాడు. తాతయ్య చేయి అడ్డం పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని గేజ్ మీదికి వంగాడు. ముల్లు 65 దగ్గరికి వచ్చి నిలబడేదాకా అలాగే చూశాడు. తర్వాత వెనక్కి ఆనుకుని, కిటికీలోంచి చేయి బయట పెట్టి, గార్డు పచ్చ జెండా ఊపినట్టు ఊపాడు.